కుడి నుంచి చదివిన రెక్క

ఏడు ఉత్తరాలు రాశాను. మూడు రిజిస్టరు పోస్టులో, నాలుగు మామూలు కవర్లలో. అన్నీ కడప పొలిమేరలో నేను తొమ్మిదేళ్ళు పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాలు గారికే. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందినట్టు రసీదులు మాత్రం నా దగ్గర ఉన్నాయి. మూడు రసీదుల మీదా మూడు రకాల సంతకాలు. అంటే కనీసం ముగ్గురు మనుషులు నా ఉత్తరాలను చేత్తో పట్టుకున్నారు. చదివిన మనిషి ఉన్నాడో లేడో తెలియదు.

సంగతి ఇది. నిరుడు ఆ కాలేజీ ఏరోనాటికల్ ల్యాబు గోడకు ఒక ఇత్తడి పలక బిగించారు. పాత విద్యార్థి ఒకతను ఫోటో తీసి పంపాడు. విమానపు రెక్క ఆకారాన్ని పరిణామ పద్ధతిలో త్వరగా తేల్చే విధానం ఈ ల్యాబులోనే పుట్టిందని రాసి, కింద అప్పటి విభాగాధిపతి పేరొకటే చెక్కారు. ఆ ప్రోగ్రాములో ప్రతి వరుసా రాసింది నేను. విభాగాధిపతి గారు నన్ను తొమ్మిదేళ్ళూ ‘టైపిస్టు’ అనే పిలిచారు. నేను మరిచిపోలేదు.

ఆ ఉద్యోగం వదిలి రాజమండ్రిలో స్థిరపడి ఇరవై ఏళ్ళవుతోంది. ఇక్కడివాళ్ళకు రాయలసీమ అంటే రాళ్ళూ, ఎండా. ‘ఉండాది’ అని నోరు జారితే పక్కింటివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. అదీ మరిచిపోలేదు. ఉత్తరాలకు పలకనివాళ్ళు ఎదురుగా నిలబడితే పలుకుతారేమోనని, చలి కాస్త తగ్గాక, ఎనిమిదో అర్జీ చేత్తో పట్టుకుని బయల్దేరాను. నాకు కావలసినవి రెండు సాక్ష్యాలు: ఒక మనిషి, ఒక చెక్క రెక్క. మనిషి పేరు మస్తాన్ వలి, మా ల్యాబుకు రెక్కల నమూనాలు చెక్కిన వడ్రంగి. రెక్క ఆయన తప్పుగా చెక్కినది.

మంత్రాలయం

వలి మంత్రాలయంలో ఒక లాడ్జికి తలుపులు చేస్తున్నాడని విని మొదట అక్కడ దిగాను. మా ఊరు అక్కడికి పది మైళ్ళే. ఇప్పుడు అక్కడ మాకేమీ లేదు, అయినా రైలు దిగగానే ఆ ఎండుగడ్డి వాసన గుర్తుపట్టాను.

హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. తెలియనివారి కోసం: బొరుగులను, అంటే మరమరాలను, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. రాజమండ్రిలో పొద్దున్నే బొరుగులు తింటానంటే పిల్లవాడినన్నట్టు చూస్తారు. ప్లేటు నలభై రూపాయలు. నా తర్వాత వచ్చిన యాత్రికుల కుటుంబానికి ముందు వడ్డించారు. పాతికేళ్ళ కిందట ఇదే వీధిలో ఇదే జరిగింది. అప్పుడు లేచి వెళ్ళిపోయాను. ఈసారి ఉగ్గాని మీద మనసు పోయి కూర్చున్నాను.

లాడ్జి వాచ్‌మన్ బనీను మీద తువ్వాలు కప్పుకుని ఎండలో కూర్చుని ఉన్నాడు.

“ఏమప్పా, రూము కావాల్నా?”

“రూము వద్దు. ఈడ తలుపుల పని చేసే మస్తాన్ వలి అని...”

“దర్శనానికొచ్చి రూము వద్దంటావు, మనిషి కావాలంటావు. సరేలే, మనుషుల్ని చూపిచ్చేదానికి ఈడ దుడ్లు తీసుకోము. వలి భాయ్ పని అయిపోయి రెణ్ణెల్లాయ. కల్లూరుకు పాయ.” అతను లేచి పక్క గది తలుపు మూసి చూపించాడు. “చూడు. సప్పుడు వచ్చెనా? ఆయప్ప చెయ్యి అట్లాంటిది.”

సప్పుడు రాలేదు. కర్నూలు బస్సుకు ఇంకా సమయం ఉంది. తుంగభద్రలో నీళ్ళు బండల మధ్య సన్నగా పారుతున్నాయి. ఒక బండ మీద కూర్చుని పాత రోజులు తలుచుకున్నాను. ఏ పని కోసం ఇంత గొడవో పాఠకులకు ఇక్కడే చెప్పేస్తాను.

రెక్కను నిలువుగా కోస్తే కనిపించే ఆకారాన్ని కొన్ని అంకెల వరుసగా రాయవచ్చు. అలాంటి రెక్కలు నలభై తీసుకుంటాం. ఒక్కోటి గాలిని ఎంత తక్కువగా అడ్డుకుంటూ ఎంత బరువు ఎత్తుతుందో కంప్యూటరు లెక్క కట్టి మార్కులు వేస్తుంది. మంచి మార్కులవాటిని జతలు కలిపి, కొన్ని అంకెలు దీనివి, కొన్ని దానివి తీసుకుని, ఎక్కడో ఒక అంకెను కాస్త కదిపి, కొత్తగా నలభై రెక్కలను పుట్టిస్తాం. అదొక తరం. మంచి కంకులను విత్తనానికి దాచుకుంటూ పోవడం లాంటిదే. ముప్పై తరాలు గడిస్తే ఏ మనిషికీ తోచని ఆకారం ఒకటి బయటికి వస్తుంది.

చిక్కంతా కాలంతో. మాకున్నది ఒకటే కంప్యూటరు. ఒక్క రెక్క చుట్టూ గాలి లెక్క కట్టడానికి నాలుగు గంటలు తీసుకునేది. నలభై రెక్కలకు వారం. ముప్పై తరాలకు ఏడు నెలలు. ఆ ఏడు నెలలు రెండున్నర నెలలు ఎలా అయ్యాయన్నదే పలక మీది విషయం.

కల్లూరు

కర్నూల్లో బస్సు దిగి కల్లూరుకు షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్నామె ఒళ్ళో బజ్జీల పొట్లం ఉంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా అది నా సంచి మీదికి ఒరిగింది. దిగి చూస్తే అర్జీ మీద అరచేయంత నూనె మరక. ఆమెతో చెప్పాను. “బజ్జీలు పోలేదు గదన్నా,” అంది.

నేనున్నప్పుడు కల్లూరు వేరే ఊరు. ఇప్పుడు ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు, ప్రతి ఇంటికీ వంటింటి అల్మారాలు. వలి షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. తల నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. చెవి మీద పెన్సిలు మాత్రం అలాగే ఉంది.

“ఎవరప్పా?”

“నేను వలీ, ఈరన్నను. కడప కాలేజీ.”

“అరే, రెక్కల సారు. జుట్టు యాడ పెట్టి వచ్చినావు?”

“రాజమండ్రిలో.”

“గోదాట్లో పారేసినావా. కూసో, కూసో. జైనబ్బీ, రెక్కల సారు వచ్చినాడు, రొట్టె చెయ్యి.”

వలి భార్య జైనబ్బీ జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, వంకాయ కూర పెట్టింది. జొన్నరొట్టె పెనం మీద పొంగే శబ్దం విని ఇరవై ఏళ్ళయింది. రాజమండ్రిలో అడిగితే చక్కెర జబ్బా అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ కారణం అడగరు.

కాలేజీ హాస్టలు కట్టే రోజుల్లో వలి కడపలో రెండేళ్ళు ఉన్నాడు. సాయంత్రం పని అయ్యాకా, సెలవు రోజైతే పొద్దున్నుంచీ మా ల్యాబుకు వచ్చేవాడు. మా గాలి సొరంగం అంటే చెక్కతో చేసిన పొడుగాటి పెట్టె, ఒక చివర పాత ఫ్యాక్టరీ ఫ్యాను. కంప్యూటరు లెక్క నిజమో కాదో చూడటానికి వలి చెక్కిన రెక్కలను అందులో బిగించి, వాటి మీద దారపు పోగులు అంటించి గాలి వదిలేవాళ్ళం. గాలి రెక్కకు అంటుకుని పోతే పోగులు బుద్ధిగా వెనక్కి పడుకుంటాయి. గాలి విడిపోతే కొట్టుకుంటాయి. టేకు పొట్టు వాసన, ఫ్యాను హోరు, అందరం కలిసి తాగే టీ. నా జీతం తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. అయినా ఆ రోజుల కంటే మంచి రోజులు నాకు రాలేదు.

మొదటి రెండు రెక్కలకు అట్టతో అచ్చులు కత్తిరించి ఇచ్చాను. మూడోదానికి అట్ట అయిపోయి, అంకెలను అడ్డంగా ఒకే వరుసలో అచ్చువేసి ఇచ్చాను. ఆ మాట ఎత్తగానే వలి నవ్వాడు.

“అడ్డంగా రాసిస్తివి. నేను చదివింది మదరసాలో మూడేండ్లు. అడ్డంగా రాసిండేది యాడ మొదలు పెట్టాల? కుడి పక్క నుంచి.”

“బస్సు బోర్డు గూడా అట్లే చదువుతాడన్నా,” అంది జైనబ్బీ. “బస్సు పొయినంక ఊరి పేరు చెప్తాడు.”

ఒక్క అంకె కూడా తప్పు చదవలేదు వలి. వరుస తప్పు చదివాడు. గుండ్రటి మందపు అంచు ముందుండాలి, అది వెనక్కి పోయింది. వెనకుండాల్సిన పలచటి అంచు గాలికి ఎదురు వచ్చింది. బిగించే రంధ్రాలూ దానికి తగ్గట్టే వేశాడు.

“ఫ్యాను ఏసినావు,” అన్నాడు వలి. “పోగులన్నీ జాతరలో పూనకమొచ్చినట్ల ఊగె. నువ్వు పుస్తకం తీసి రాసుకుంటాండావు. సాయంత్రం దాకా రాస్తావంట. నేనేమంటి?”

ఏమన్నాడో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఆపు సారూ. ఇది చచ్చింది. చచ్చిందాన్ని సాయంత్రం దాకా చూడాల్నా?” అన్నాడు.

ఫ్యాను ఆపాను. వారం రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. కంప్యూటరు కూడా అదే పని చేస్తోంది మరి. చచ్చిన రెక్కకూ నాలుగు గంటలు, బతికే రెక్కకూ నాలుగు గంటలు. ప్రోగ్రాము మార్చాను. ప్రతి రెక్కకూ మొదట అరగంటే లెక్క. అప్పటికే పోగులు ఊగే రకం అని తేలిన ఇరవై ఎనిమిదింటిని తీసేసి, పన్నెండింటినే చివరిదాకా నడపడం. తరానికి ఏడు రోజుల పని మూడు రోజుల లోపుకు దిగింది.

“పారేసిన వాట్లో మంచిది పోతే?” అని అడిగాడు వలి. అప్పుడూ ఇదే అడిగాడు.

“కొన్ని మొదట మొండికేసి తర్వాత బాగుపడతాయి. అందుకే ఆ పన్నెండులో రెండింటిని మార్కులు చూడకుండా చీటీ తీసి ఉంచుతాం.”

“జైనబ్బీ నన్ను ఉంచుకునిందీ అట్లనే.”

“చీటీ తీసింది మా నాయన,” అంది జైనబ్బీ లోపలి నుంచి.

అప్పుడు అర్జీ తీసి చదివి వినిపించాను. నూనె మరక దగ్గర గుర్తున్నది చెప్పాను. వలి చివరిదాకా విన్నాడు.

“ఆ పలక మీద నీ పేరు రావాల.”

“అవును.”

“నా పేరో?”

“నువ్వు సాక్షివి, వలీ. నాతో కడపకు వచ్చి జరిగింది చెప్పాలి.”

“ఓహో. సాక్షి.” అద్దాలు తుడుచుకుని, చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. “రేపు అల్మారా ఇయ్యాల సారూ. నేను రాలేను. రెక్క కావాలంటే ఎర్రగుంట్లలో మా కూతురు షాహీనా ఇంట్లో ఉండాది. ఫోన్ జేసి చెప్తాలే, పో.”

ఇంత దూరం వచ్చి అడిగితే ఒక్క రోజు ఇవ్వలేదని నొచ్చుకున్నాను. అదీ నేను మరిచిపోనివాటి జాబితాలో చేరింది.

ఎర్రగుంట్ల

ఎర్రగుంట్లలో దిగగానే నాలుక మీద సిమెంటు రుచి తగులుతుంది. చెట్ల ఆకుల మీద, లారీల అద్దాల మీద, దండెం మీది చీరల మీద అదే బూడిద రంగు. షాహీనా భర్త సిమెంటు లారీ తోలుతాడు. నేను పోయేటప్పటికి ఆయన బళ్ళారి రోడ్డులో ఉన్నాడు. ఇంట్లో షాహీనా, ఐదో తరగతి చదివే కూతురు రేష్మా ఉన్నారు.

రెక్కను చూడగానే గుర్తుపట్టాను. గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద గడియారం, సెల్‌ఫోను ఛార్జరు, నూనె సీసా పెట్టారు. గుండ్రటి అంచు ఇంట్లోకి, పలచటి అంచు గోడకు.

“తలకు తగిలినా దెబ్బ తగలదని అట్ల పెట్టినాము,” అంది షాహీనా. “మా నాయన ఈ ఇంటికి తెచ్చిన సామాన్లలో ఇదొకటే పాతది. దీన్ని ఇచ్చేస్తే గడియారం యాడ పెట్టాల?”

“రెండు రోజుల్లో తెచ్చిస్తానమ్మా. కాలేజీలో చూపించాలి.”

“నాయన చెప్పినాడు. పలక మీద పేరు రాస్తారంట గదా.” నేను తలూపాను. ఎవరి పేరు అని ఆమె అడగలేదు. “అయితే తీస్కపోండి. మా రేష్మా ఇస్కూల్లో మా తాత ఇమానం రెక్క జేసినాడని చెప్పుకునింది. అందరూ నగినారంట. యాడ రాసుండాదో చూపియ్యి అన్నారంట. రెణ్ణాళ్ళు బడికి పోనని ఏడ్చింది.”

రేష్మా గడియారాన్ని దించి ఒళ్ళో పెట్టుకుంది. “రాసినంక ఫోటో తీసి పంపిస్తారా?” అని నన్ను అడిగింది. పంపిస్తానన్నాను. నోటిలోంచి వచ్చేసింది.

షాహీనా రెక్కను పాత లుంగీలో చుట్టి ఇచ్చింది. బస్టాండు దగ్గర కారం దోశ తిన్నాను. పైన ఎర్రటి కారం, దాని మీద పప్పులపొడి. మా గోదావరివాళ్ళకు ఇది తినడానికి ఇంకో చెంబు నీళ్ళు కావాలి. సర్వరు నన్ను రెండుసార్లు పలకరించాడు. మర్యాద జరిగినప్పుడు అదీ రాయాలి.

కడప

బస్సులో కండక్టరు లుంగీ మూట చూసి ఆగాడు.

“ఏమప్పా అది, బ్యాటా?”

“విమానం రెక్క.”

“ఒగటే ఉండాదే. ఇంగోటి యాడ?” బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, చాలా రోజుల తర్వాత.

ప్రిన్సిపాలు గారు మీటింగులో ఉన్నారన్నారు. బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చున్నాను. ఆ బెంచీ నాకు కొత్త కాదు. చివరికి అనూష అనే చిన్న వయసు లెక్చరరు, ఇప్పుడు ల్యాబు చూసుకునే అమ్మాయి, వచ్చి విషయం అడిగింది. రెక్క విప్పి చూపించాను. ఆమె దాని అంచుల మీద వేళ్ళు పోనిచ్చి, రంధ్రాలు చూసి, “ఇది వెనకాముందు అయ్యుండాదే సార్,” అంది. ఒక్క చూపులో. నాకు అప్పట్లో ఆ ఒక్క చూపు లేకపోయింది.

పలక చూపించింది. ఫోటోలో కంటే చిన్నది. దాని మీదున్న మాటలు పాత ప్రాజెక్టు రిపోర్టు చూసి రాశారని చెప్పి, లైబ్రరీలోంచి ఆ రిపోర్టు తెచ్చింది. నా రిపోర్టే. అట్ట మీద విభాగాధిపతి పేరు, కింద చిన్న అక్షరాల్లో నా పేరు.

“చూశారా,” అన్నాను. “నా పేరుంది. పలక మీద లేదు.”

“అవును సార్. మిమ్మల్ని రాయకపోవడం తప్పే.” పేజీలు తిప్పుతోంది. “మరి ఈ రెక్క చేసినాయన పేరు యాడుండాది?”

“లోపల ఉంటుంది.”

ఆమె వెతికింది. నేనూ వెతికాను. కృతజ్ఞతల పేజీలో విభాగాధిపతి గారికి ఒక పేరా, యాజమాన్యానికి ఒక పేరా, కరెంటు ఆఫీసుకు కూడా ఒక వాక్యం ఉంది. నాలుగో అధ్యాయంలో ఆమె వేలు ఆగింది. ఇంగ్లీషులో నేను రాసిన వాక్యానికి అర్థం ఇది: స్థానిక వడ్రంగి పొరపాటు వల్ల మూడో నమూనా పనికిరాకుండా పోయింది. దాని తర్వాతి వాక్యం: లోపమున్న ఆకారాలు తొలి దశలోనే బయటపడతాయని మేము గమనించాము.

“మేము అంటే ఎవరు సార్?” అని అడిగింది అనూష. వెటకారంగా కాదు. తెలుసుకోవాలనే అడిగింది.

రిపోర్టు నా వైపు తిప్పుకుని ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చదివాను.

మూడో రెక్కను పరీక్షించిన రోజు సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుందని నాకు తెలుసు. ఆ లోపల పరీక్ష పూర్తి చేయాలని రెక్కను చూడకుండానే బిగించాను. అంకెలు ఎటునుంచి మొదలో బాణం గుర్తు వేయనిది నేను. వలి చేసింది ఒక పొరపాటు, నేను చేసినవి రెండు. రిపోర్టులో మాత్రం ఆయన పొరపాటు ఆయన పేరు లేకుండా ఎక్కింది, ఆయన మాట నా మాటగా ఎక్కింది. టైపిస్టు అని నన్ను పిలిచినవారు కనీసం నా మొహం మీదే పిలిచారు. నేను వలిని స్థానిక వడ్రంగి అని రాసిన రోజు ఆయన నా ఎదురుగానే కూర్చుని టీ తాగుతూ ఉండి ఉంటాడు. ఆ రిపోర్టు ఆయన చదవలేడని నాకు తెలుసు.

నూనె మరక అర్జీని చించేశాను. అనూష టేబులు మీదే కొత్తది రాశాను. మొదటి వాక్యంలో మస్తాన్ వలి పేరు, రెండో వాక్యంలో ఆయన అన్న మాట ఉన్నదున్నట్టుగా. మూడో వాక్యంలో రిపోర్టులో తప్పు రాసింది నేనని ఒప్పుకుని సంతకం పెట్టాను. నా పేరు పలక మీద వేయాలన్న కోరిక తీసేశాను. చేయి ఆగలేదంటే అబద్ధం, ఆగింది. అయినా తీసేశాను. అనూష రెక్కను అన్ని పక్కల నుంచీ ఫోటోలు తీసి అర్జీకి జతచేసింది. గుమాస్తా ముద్ర వేశాడు.

ఆ మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాను. కడపలో ఉన్నన్నాళ్ళూ ఆదివారం తిండి అదే. సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి నెయ్యి పోయమని అడగక ముందే పోశారు. మర్నాడు ఎర్రగుంట్లలో రెక్కను మళ్ళీ మేకుల మీద పెట్టి వచ్చాను. కల్లూరుకు ఫోన్ చేసి రిపోర్టులో ఏముందో వలికి మొత్తం చదివి చెప్పాను. “పొరపాటు అని రాస్తివి. నా పొరపాటే గదా సారూ. పేరు రాసింటే బాగుండు,” అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

తిరిగి వచ్చి నెల దాటింది. ప్రిన్సిపాలు గారూ, ఎనిమిదో అర్జీకీ జవాబు లేదు, అందుకే ఇలా పాఠకుల ముందే అడుగుతున్నాను. అనూష గారు రెండుసార్లు గుర్తు చేశారట. ఇంతకు ముందు ఏడుసార్లు మీరు పలకకపోతే నేను నా కోసం కోపగించుకున్నాను. అది నా అలవాటు, మీకు దానితో పని లేదు. ఈసారి అడుగుతున్నది నా కోసం కాదు. ఆ పలక మీద మస్తాన్ వలి, వడ్రంగి, అని మూడు మాటలు చెక్కడానికి చోటుంది. నేను కొలిచి వచ్చాను. చెక్కుతారా, చెక్కరా? చెక్కకపోతే ఎందుకో కారణం రాయండి. ఎర్రగుంట్ల నుంచి రేష్మా వారానికోసారి ఫోన్ చేసి ఫోటో ఏదని అడుగుతోంది. ఆమెకు నేనేం చెప్పాలో మీరే చెప్పండి.